మెలిపడ్డ పువ్వు

చర్చి హాల్లో బల్ల మీద ఎర్ర ఉన్ని గసగసాల పూలు గుట్టగా పోసి ఉన్నాయి. యుద్ధాల్లో పోయిన ఊరి సైనికుల గుర్తుగా ఇంటింటా అల్లి పంపినవి. ఆదివారానికల్లా వలకు కుట్టి గోపురం మీంచి వేలాడదీయాలి. పెత్తనమంతా గ్లెనిస్‌ది. వేల్స్ కొండల్లోని ఆ ఊళ్ళో ఆవిడ అనుమతి లేనిదే టీ కూడా మరగదు.

పూలు ఏరుతున్న ఐర్వెన్ చెయ్యి ఒక పువ్వు దగ్గర ఆగిపోయింది.

"అదా? అష్టవంకరలు. విప్పి మళ్ళీ అల్లెయ్," అంది గ్లెనిస్.

"దీని జోలికి రాకు."

ఉన్నిని సూదికి తిరగేసి చుట్టడం వల్ల ఉచ్చులన్నీ మెలిపడ్డాయి. పైగా జారిపోతుందన్న భయంతో ప్రతి వరస చివరా ఒక ముడి. అలా అల్లేవాడు ఒక్కడే, ఐర్వెన్ కొడుకు గెథిన్. "అలా కాదురా," అని చిన్నప్పుడు ఎన్నిసార్లు చేతి మీద చరిచిందో. వాడు సైన్యంలో చేరి అఫ్ఘానిస్తాన్‌లో పోయి పదేళ్ళు దాటింది. వాడి గొంతు మరిచిపోతానేమోనని భయపడుతూ బతుకుతోంది. వాడి చేతి తప్పు మళ్ళీ చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

"ఎవరు తెచ్చారిది?"

"బేకరీ వ్యాను నడిపే సెమి. ఆ ఫిజీ అతను. మన సైన్యంలోనే చేసొచ్చాడుగా. బయట నిచ్చెన వేస్తున్నాడు."

కోటు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది ఐర్వెన్.

"ఇలా అల్లడం ఎవరు నేర్పారు బాబూ?"

తాటిచెట్టంత మనిషి తల దించుకున్నాడు. "గెథిన్, అమ్మా. కాపలా లేనప్పుడు ఊరికే కూర్చోలేక అల్లేవాడు. మా అమ్మ నేర్పిన పద్ధతి ఇదేరా అనేవాడు."

"అబద్ధాలకోరు వెధవ," అంది ఐర్వెన్. నవ్వింది, కళ్ళు నిండిపోయాయి.

"వాడి గురించి మీకు చెబుదామనే ఈ ఊరు చేరాను. మీ తలుపు దాకా వచ్చి, ధైర్యం చాలక వెళ్ళిపోయేవాణ్ణి."

ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పక్కన కుర్చీ వేసింది. "నాకు నేర్పు. వాడు నీకు చూపించినట్టే."

గ్లెనిస్ ఇద్దరికీ టీ పెట్టడానికి వెళ్ళింది.

ఐర్వెన్ సూదులు తీసుకుంది. అరవయ్యేళ్ళ అలవాటు, వేలు తనంతట తానే సరైన వైపు తిరిగింది.

"అలా కాదమ్మా," అన్నాడు సెమి.

ఆమె విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.