పెట్టె మీద ‘బేటా’

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. ఎగతాళికి అన్నారో, హెచ్చరికకు అన్నారో గానీ మనం దాన్ని సగమే విన్నాం. కొత్తదంటే చాలు, మంచిదే అయి ఉంటుందని నమ్ముతాం. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ మీద తెలుగు అక్షరాలు కొట్టే ఖయ్యూం కూడా అలాగే నమ్మాడు.

తొంభై ఏడో సంవత్సరం. ప్రతి శనివారం ఎల్లారెడ్డి బస్సు దిగి ఇద్దరు ఆ దుకాణానికి వచ్చేవారు. ఒకరు రిటైరైన తెలుగు పంతులు స్వామిదాసు. రెండోది సాలవ్వ. జీవితమంతా పరాయి మడుల్లో నాట్లు వేసిన మనిషి. మునుపు ఆమె పాట ఎత్తుకుంటే పొలమంతా అందుకునేది. ఇప్పుడు అందుకునేవాళ్లే లేరు. “నేను పోతే నాతోటే పోతయి సారూ” అని ఆమె ఒకనాడు అన్న మాట స్వామిదాసు మనసులో గుచ్చుకుంది. ఆ పాటలు పుస్తకంగా వేయాలని పూనుకున్నాడు.

టేపురికార్డరు తెస్తే సాలవ్వ ఒప్పుకోలేదు.

“గా డబ్బ టేపును నమిలిందంటే నా పాటలు గూడ నములుతది. గీ పిల్లగాడు నేను పాడంగ పాడంగ కొడుతుండు. గిదే మంచిగున్నది.”

ఆమె పాడేది, ఖయ్యూం కొట్టి చదివి వినిపించేవాడు. ‘మడిల దిగిన కాళ్లు ఒడ్డడుగుతున్నయే’ అన్న చోట అతను ఒడ్డుకు బదులు వడ్లు అని కొట్టాడు. సాలవ్వ పడీ పడీ నవ్వింది.

“వడ్లు అడిగితే ఆసామి ఇస్తడా బిడ్డా! కాళ్లు అడిగేది ఒడ్డు!”

దసరా నాటికి పాటలన్నీ ఎక్కాయి. అచ్చుకు కాగితాలు తీయడమొక్కటే మిగిలింది. ఆ వారమే సాలవ్వకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ మాట పడిపోయింది. స్వామిదాసు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఖయ్యూమే ధైర్యం చెప్పాడు.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. అవ్వ పాటలు నా దగ్గర పైలంగున్నయి.”

అప్పటికి ఉన్నాయి కూడా.

సరిగ్గా అప్పుడే హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ కంపెనీ తన పాత ఖాతాదారులకు ఒక పెట్టె పంపింది. పెట్టె మీద బంగారు రంగులో ‘సరికొత్తది’ అని మెరుస్తోంది. ఒక మూల మాత్రం చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఖయ్యూం కూడబలుక్కుని చదివాడు. బి, ఇ, టి, ఎ. బేటా! ఉర్దూ ఇంట్లో పుట్టినవాడికి ఆ మాటకు అర్థం ఒకరు చెప్పాలా?

“పాతది బాపు, ఇది కొడుకు సార్” అని స్వామిదాసుకు చూపించి మురిసిపోయాడు. “బాపు పనంత కొడుకు నేర్చే ఉంటడు గద!”

అవ్వ పుస్తకం కొత్త అక్షరాల్లో నిగనిగలాడాలని అతని ఆశ. పాత ఫైలును కొత్త పద్ధతిలోకి మార్చమంటావా అని కంప్యూటర్ అడిగితే సరేనన్నాడు. మారింది. చూడముచ్చటగా కూడా కనిపించింది. జాగ్రత్తపరుడు కదా, ఆ కొత్తదాన్నే ఫ్లాపీలోకీ ఎక్కించి పాతదాన్ని చెరిపేశాడు. మర్నాడు తెరిస్తే ఒత్తులు లేవు, గుణింతాలు లేవు. సరిచేయబోయేకొద్దీ అక్షరాలు డబ్బాలయ్యాయి. సాయంత్రానికి పాటల బదులు తెర నిండా ఖాళీ డబ్బాలే. ఫ్లాపీలోనూ అవే. ఖయ్యూం నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

ఎస్టీడీ బూత్ నుంచి కంపెనీకి ఫోను చేస్తే అవతలి గొంతు మర్యాదగానే పలికింది.

“అది బీటా అండీ. ఇంకా పరీక్షలో ఉన్నది. తప్పులుంటే చెప్తారని పంపాం. పెట్టె మీద రాసే ఉందిగా, చదవలేదా?”

“చదివిన సాబ్! చదివిన కాబట్టే మోసపోయిన!” అన్నాడు ఖయ్యూం. “మా అబ్బా దర్జీ. నల్లకోటుకు కచ్చాకుట్టు, అంటే తర్వాత ఇప్పేసేది, తెల్లదారంతోటి ఏస్తడు. ఎందుకు? ఇది ఇంకా కాలేదని గుడ్డోనికి తప్ప అందరికీ కానరావాలెనని. పరీక్ష చేసే సరదా ఉన్నోళ్లకు మీ కచ్చాది ఇయ్యుండ్రి, వద్దనను. గని నల్లబట్టకు నల్లదారం కుట్టి, పైన బంగారు జరీ పెడితిరి గద సాబ్!”

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఎల్లారెడ్డిలో సాలవ్వ మంచం పక్కన, స్వామిదాసు వెంట వచ్చిన ఖయ్యూం తలెత్తలేకపోయాడు. పుస్తకం వచ్చిందనుకుని ఆ ముసలమ్మ బాగున్న చెయ్యి చాపింది. ఖయ్యూం ఆ చెయ్యి పట్టుకుని “పోయినయవ్వా, అన్నీ పోయినయి” అని బావురుమన్నాడు.

 సాలవ్వ చెయ్యి విడిపించుకుని మంచంకోడు మీద మెల్లగా తాళం వేయసాగింది. ఆ తాళం గుర్తుపట్టి ఖయ్యూం పాట ఎత్తుకున్నాడు.

“మడిల దిగిన కాళ్లు ఒడ్డడుగుతున్నయే...”

ముసలమ్మ కళ్లు మెరిశాయి. తాళం ఆపకుండా అతని నోటివైపే చూస్తోంది.

“తర్వాత ఏంది తమ్మీ?” అని అడిగింది ఆమె కూతురు నర్సవ్వ.

తర్వాతిది ఖయ్యూంకు రాదు. స్వామిదాసుకూ రాదు. వచ్చిన ఒక్క మనిషికీ నోరు లేదు. కాసేపటికి మంచంకోడు మీద చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

స్వామిదాసు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“కచ్చాది చేసుడు తప్పు గాదు ఖయ్యూం. పక్కాది అయ్యేదంతా ముందు కచ్చాదే. కచ్చాదాన్ని కచ్చాదని, వాడుకునేటోని భాషల, వాని కండ్లకు ఆనేటట్టు రాయకపోవుడే పాపం.”