రెండో చెంచా

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు సరే. సకినాలు నలిపి, వాటి మీద చల్లటి మీగడ పోసి, ఆపైన ఎల్లిగడ్డ కారం చల్లే బుద్ధి ఏ పుర్రెకు పుడుతుందండీ? సాక్షాత్తు సుభాషిణి కోడలు సుమ పుర్రెకు పుట్టింది. జనగామలో తిండి పండుగ పెడుతున్నారని తెలిసిన రోజు నుంచీ సుమ కాలు ఒకచోట నిలవలేదు. స్నేహితురాలు దీప ఇంట్లో ఏవేవో కలిపి చూసుకుంటూ, అత్తగారింట్లో మాత్రం వాసన కూడా తగలనివ్వలేదు. తీరా పండుగనాడు మైదానంలో బల్ల వేసి, ఐస్‌క్రీం సండే తరహాలో 'సకినాల సండే' అని బోర్డు పెట్టేసింది.

జనం వచ్చారు. బోర్డు చదివారు, ముక్కున వేలేసుకున్నారు, పక్కనున్న మిర్చి బజ్జీల దుకాణానికి పోయారు. పెళ్ళయి ఏడాది తిరగని పిల్ల, తన చేత్తో ఏదో చేసి చూపాలని ఆరాటపడుతున్న పిల్ల, నవ్వు మొహం పెట్టుకొని నిలబడి ఉంది. ఆ నవ్వు చూడలేక సుభాషిణి మొహం తిప్పుకుంది.

"గిదేం తిండి బిడ్డా?" అన్నాడు ఆమె భర్త ఈశ్వరయ్య. కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, తిండి విషయంలో తాత గీసిన గీత దాటని మనిషి. "సకినాలు చాయ్‌ల ముంచుకొని తిన్నం గని, మీగడల ముంచుడు ఏడ సూడలె."

"జర తిని చెప్పున్రి మామయ్యా," అని సుమ ఒక కప్పు అందించింది.

"నాకు షుగర్ గదా!" అని ఆ కప్పు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఇట్లా తప్పించుకోవడంలో ఆయన్ను మించినవాడు లేడు. అత్తగారే ముట్టలేదంటే ఇక ఊరేం ముడుతుంది? సుభాషిణి దేవుడి మీద భారం వేసి చెంచా నోట్లో పెట్టుకుంది.

ముందు సకినం కరకరలాడింది. నువ్వులు, వాము తగిలాయి. తర్వాత కారం చురుక్కుమంది. ఆ మంట మీదికి చల్లగా, తియ్యగా, కాస్త ఇసుక ఇసుకగా ఒక గుజ్జు జారింది. సుభాషిణి కొయ్యబారిపోయింది. అది సీతాఫలం.

ఆ మాట మీకు మామూలుగా వినిపించవచ్చు. ఆమె కొడుకు ఆకాష్ చిన్నతనంలో మెదడు జ్వరంతో హనుమకొండ దవాఖానలో పడి ఉన్నప్పుడు, డాక్టర్లు తల అడ్డంగా ఊపినప్పుడు, ఆమె కాశీ విశ్వనాథుడికి దండం పెట్టుకుంది. నా కొడుకును నాకియ్యి, నాకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని నీ దగ్గర వదిలేస్తానంది. పిల్లవాడు లేచి కూర్చున్నాడు. కాశీకి పోయారు. అక్కడ ఏదో ఒక కాయో పండో వదిలి రావడం ఆనవాయితీ గదా, ఈశ్వరయ్య దర్జాగా కాకరకాయ వదిలాడు. పుట్టిన్నాటి నుంచి ఆయన కాకరకాయ ముట్టింది లేదు. సుభాషిణి మాత్రం నిజంగానే వదిలింది. రఘునాథపల్లిలో పుట్టింట్లో బియ్యం డబ్బాలో మాగబెట్టుకొని, అన్నం మానేసి తిన్న సీతాఫలాన్ని వదిలింది. ఎవరైనా పెట్టబోతే "నాకు పడదు" అనేది. కొడుక్కి కూడా తెలిసింది అంతే.

నోట్లో ఉన్నది ఉమ్మేయాలి. ఉమ్మలేదు. తెలియక తిన్నది దేవుడు క్షమిస్తాడు, అంతవరకు ఫరవాలేదు. కానీ చేయి మళ్ళీ కప్పులోకి పోయింది. తెలిసి తెలిసి రెండో చెంచా తింది. కళ్ళు మూసుకొని తింది. పైగా ఆ నోరే, ఆ పాపిష్టి నోరే, "ఇంకో కప్పు ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

సుమకు పట్టరాని సంతోషం. "అత్తమ్మ ఇంకో కప్పు అడుగుతున్నది!" అని దీపకు వినబడేలా అరిచింది. బజ్జీల దగ్గరి జనం తలలు తిప్పి, ఒక్కొక్కరే ఇటు రాసాగారు. మహబూబాబాద్‌కు దుకాణం పని మీద పోయిన మొగుడికి ఈ ముచ్చట చెప్పాలని సుమ ఫోన్ పట్టుకొని పక్కకు ఉరికింది.

తిరిగి వచ్చేసరికి అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇండ్ల ఏమేసినవ్ బిడ్డా?"

"సీతాఫలం అత్తమ్మా. గూడూరు అడివి పండ్లు. ఎందుకు, బాలేదా?"

ఈశ్వరయ్య గుండె గుభేలుమంది. కాశీలో ఆమె పక్కన నిలబడ్డవాడాయన. "తెల్వక తిన్నవ్ తియ్యి, ఏం గాదు" అన్నాడు మెల్లగా.

"ఒక్కటే తెల్వక తిన్న. రెండోది తెలిసే తిన్న," అంది సుభాషిణి. ఆ మాట అంటుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

కొడుక్కి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్.

"ఇప్పుడే మాట్లాడిన అత్తమ్మా, బండి మీద వస్తున్నడు," అంది సుమ, ఏమీ అర్థంకాక.

బండి మీదనా! సుభాషిణి పై ప్రాణాలు పైనే పోయాయి. కప్పు బల్ల మీద పెట్టి గేటు దగ్గరికి పోయి నిలబడింది. వెనక సుమ దుకాణం దగ్గర జనం తోసుకుంటున్నారు, సకినాల సండే బాగుందని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆమె చెవికి ఏదీ ఎక్కలేదు. "విశ్వనాథా, తప్పు చేసింది నా నాలుక. దాన్నే తీసుకో. వాని జోలికి పోకు," అని గొణుక్కుంటూ ఆగిన ప్రతి బండినీ చూసింది.

చివరికి ఒక ఆటో ఆగింది. ఆకాష్ దిగాడు. బండి లేదు. చొక్కా అంతా దుమ్ము, చేతిలో మాత్రం నిండుగా ఒక సంచి.

"బండి పోయిందే అమ్మా," అన్నాడు. "నెల్లికుదురు దాటినంక లారీ వచ్చి గుద్దింది. నుజ్జునుజ్జయింది. ఫోన్ గూడ అండ్లనే పోయింది."

"నువ్వు... నువ్వేడున్నవ్ రా?"

"నేను బండి మీద లేను. పక్కకు ఆపి, రోడ్డు అవతల గంప పెట్టుకున్న ముసలవ్వ దగ్గర పండ్లు ఏరుకుంటున్న. నీ కోసమే ఆగిన." వాడు సంచి పైకెత్తాడు. "సీతాఫలం పడదు పడదు అంటివి, ఇంకో కప్పు అడిగినవంట గదా! సుమ ఫోన్ల చెప్పంగనే నాకు మస్తు ఖుషీ అయింది. నువ్వు అడుగకపోతే నేను ఆగకపోతుంటి."

సుభాషిణి అక్కడే నేల మీద కూలబడింది. ఏది చంపుతుందని ఇంతసేపూ వణికిపోయిందో, అదే కొడుకును బతికించింది. దేవుడు కోపం చేశాడో కనికరించాడో ఆమెకు అంతుపట్టలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని తల నుంచి కాళ్ళదాకా తడిమి చూసింది, భోరుమని ఏడ్చింది.

ఏడుపు ఆగాక సంచిలోంచి బాగా మాగిన పండొకటి తీసి విప్పింది. గింజలు తీసి, గుజ్జు కొడుకు నోటికి అందించింది.

"నువ్వు గూడ తినమ్మా," అన్నాడు వాడు.

ఆమె వేళ్ళ నిండా గుజ్జు. వాసన ముక్కుకు కొడుతోంది. కాస్త దూరంలో నిలబడ్డ ఈశ్వరయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

సుభాషిణి చేయి చీర కొంగుకు గట్టిగా తుడుచుకుంది.

"నువ్వు తిను బిడ్డా," అంది. "నాకు పడదు."