చివరి ముద్ద

"మే, ముందు కూలోళ్లకు పెట్టు. నీదేముండాది, ఎప్పుడైనా తింటావు" అంది అత్త, నేను సంగటి గెలుకుతుండగా.

మొన్న వాన పడింది. విత్తనం చెనక్కాయలు ఈరోజే ఒలవాలి. పడసాలలో ఎనిమిది మంది ఆడవాళ్లు కాయల రాశి ముందు కూర్చున్నారు. నా డిగ్రీ పరీక్ష కూడా ఈరోజే, అనంతపురంలో, పదింటికి. పోయినేడు పరీక్షరోజు కాయలు ఒలిచాను. ఈసారీ పోకపోతే దూరవిద్యలో నా పేరు కొట్టేస్తారు. అదే చెబితే నా భర్త విష్ణువర్ధన్ నవ్వాడు. "పరీక్షలు యేటేటా వస్తాయి. నేల పదును పోతే రాదు. ఇంట్లో కూచోని తినేదానికి డిగ్రీ యాల మే?"

పొయ్యి పక్కన జొన్నల డబ్బాకు ఆనించిన పుస్తకం తెరిచే ఉంది. తిన్న అన్నంలోంచి తీసిన ఎలక్ట్రాన్లు కణాల్లోని మైటోకాండ్రియాలో ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి, చాట చేతులు మారినట్టు పోతాయి. ఆ ఊపుకు ప్రోటాన్లు పొర అవతల పోగుపడతాయి. తూములో నీళ్లలా తిరిగి దూకుతూ చిన్న చక్రాన్ని తిప్పుతాయి. ఒంటికి శక్తినిచ్చే ఏటీపీ పుడుతుంది. దాచిపెట్టడం ఉండదు, పుట్టింది పుట్టినట్టే ఖర్చు. వరస చివర ఆక్సిజన్ ఉంటుంది. అందరూ వాడి వదిలేసిన ఎలక్ట్రాన్లను తీసుకుని నీళ్లవుతుంది. అది లేకపోతే వెనక వరసంతా నిలిచిపోతుంది. ఈ ఇంట్లో చివర ఉండేది నేను. మామ, మొగుడు, మరిది, కూలోళ్లు, అత్త తిన్నాక అడుగున మాడు గీక్కునేది నేను. మూడేళ్లుగా. పుస్తకంలో ఆ చివరిదానికి ఒక పేజీ ఇచ్చారు. ఇంట్లో "నీదేముండాది" అంటారు.

పడసాలలోంచి, కూలికొచ్చిన కదిరమ్మ కేకేసింది. "ఏం పాపా, నువ్వు తినేది ఒక్కనాడూ చూడలా. గాలి తిని బతుకుతాండావా?" అందరూ నవ్వారు. అత్త కూడా.

మొదటి ముద్ద చేశాను. నా పళ్లెంలో పెట్టుకుని, పప్పు పోసుకుని, పడసాల మధ్యలో కూర్చుని తినసాగాను. ఒలిచే చేతులు ఆగిపోయాయి.

"ఏందే ఇది! మగోళ్లు తినకుండానే?" అంది అత్త.

"ఎనిమిదిన్నరకు బస్సుండాది. మిగతా ముద్దలు నువ్వు చెయ్యత్తా."

చెయ్యి కడుక్కుని, హాల్‌టికెట్ తీసుకుని బయటికి నడిచాను. ఆ రోజు చివరి ముద్ద ఎవరు తిన్నారో నాకు తెలీదు.