వంటింట్లో చెప్పులు

"చెప్పులు గడప ఆపక్కే ఇడువు. ఈడ దేవుడుండాడు" అంది అత్త దేవకమ్మ, వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండానే.

అలివేలమ్మ చెప్పులు విడిచింది. డాక్టరు రాసిచ్చిన మెత్తటి చెప్పులవి. కొని నెల దాటినా అరగనేలేదు. వట్టి పాదం గచ్చు మీద ఆనగానే కుడి మడమలో మేకు దిగినట్టయింది. పొయ్యి గట్టు పట్టుకుని, ఒక కాలి మీదే బరువు మోపి, ఇడ్లీ పాత్ర దించింది.

మడమ కింద ఎముక ముల్లులా పెరిగిందని డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పాడు. "ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నిలబడొద్దమ్మా. సీసాలో నీళ్లు గడ్డకట్టించి పాదం కింద దొర్లించండి. గోడకి చేతులానించి పిక్కలు సాగదీయండి. ఎక్కువసేపు నిలబడే పనేమైనా చేస్తారా?" ఆమె నోరు తెరిచేలోపే భర్త గంగాధరం అందుకున్నాడు. "పనేముంది సార్, ఇంట్లోనే ఉంటాది."

ఆ మాట ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఇంట్లోనే ఉండేది నిజమే. ఇంట్లో ఎక్కడ? పొయ్యి ముందు, అంట్ల ముందు, మళ్లీ పొయ్యి ముందు. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుకే కళ్లలో నీళ్లు తిరిగేవి. పోనీ చెప్పులేసుకుని వండుదామంటే ఎదురుగా అలమరలో స్వామి. అత్త వద్దన్నందుకే కాదు, తనకూ మనసొప్పలేదు. ఈ బాడుగ ఇంట్లో వేరే పూజగది లేదు. చేరిన రోజున దేవకమ్మ పటాలను వంటింటి అలమరలో పెట్టింది. అప్పటినుంచీ వంటిల్లే గుడి. గుడిలో చెప్పులు కూడదు, సరే. కానీ గుడికి పోయినవాళ్లు దండం పెట్టుకుని బయటికొచ్చేస్తారు కదా. తను గుడిలోనే కూర తరుగుతోంది, గుడిలోనే మసిగిన్నెలు తోముతోంది. ఇట్లా అనుకోవడం తప్పేమో స్వామీ, అని చెంపలేసుకునేది. చెంపలేసుకున్నాక మళ్లీ అదే అనుకునేది. మేజోళ్లు తొడుక్కుని చూసింది, తడి గచ్చు మీద కాలు జారింది. గోనెపట్ట మడిచి పరుచుకుంది, కాళ్లకి అడ్డమొస్తోందని దేవకమ్మ చుట్టి మూలన పెట్టింది. "తగ్గతాదిలే. మాయమ్మకి లేవా కాళ్లు?" అన్నాడు గంగాధరం.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు మడమ నొక్కి చూశాడు. "ఇంట్లో చెప్పులు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటాండాది సార్" అన్నాడు గంగాధరం.

"అయినా తగ్గలేదంటే మడమలోకి ఇంజెక్షన్ ఇవ్వాలి. నొప్పి బాగానే ఉంటుంది."

"ఇచ్చేయండి సార్."

అలివేలమ్మ కాలు వెనక్కి లాక్కుంది. "లేదు సార్. నేను ఏసుకోలే. వంటింట్లో దేవుడుండాడని ఏసుకోలే."

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే ముందు ఆ సంగతి తేల్చుకుని రండి. సూది తర్వాత" అన్నాడు.

బండి మీద ఇంటిదాకా గంగాధరం గొణుగుతూనే ఉన్నాడు. "నా పరువు తీసినావు. ఇంగేం జేస్తావు? దేవుడి ముందర చెప్పులేసుకోని తిరగతావా?"

"తిరగను" అంది ఆమె.

ఇంటికి రాగానే తలకి పోసుకుంది. వంటింట్లోకి పోయి దండం పెట్టుకుని, స్వామి పటాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుంది.

దేవకమ్మ అదిరిపడింది. "ఏమే, యాడికి ఎత్తకపోతాండావు? శుక్రవారం పూట దేవుణ్ణి కదిలిస్తారా ఎవురన్నా?"

"హాల్లోకి అత్తా. బ్రమ్మోత్సవాల్లో పూటకొక వాహనమెక్కి నాలుగు మాడవీధులూ తిరగతాడు గదా. మనింట్లో ఒక్క గడప దాటేదానికి ఆయనకేం కోపమొస్తాది?"

"ఇంతకాలం నేను వట్టి కాళ్లతో వండలేదా? నాకు లేవా నొప్పులు?"

"ఉండినాయా అత్తా?"

దేవకమ్మ అలమర దగ్గరికి వచ్చింది. "దీపం కుంది నేను తెస్తాలే. నీ కుంటి నడకకి నూనె ఒలకతాది" అంది.

పటాలు తూర్పు చూడాలంటే హాల్లో పడమటి గోడే దిక్కు. అక్కడ బల్ల మీద టీవీ ఉంది.

"ఏమండీ, దీన్ని కొంచెం పక్కకి తీయండి."

"ఇంగ నేను మ్యాచ్ యాడ సూడాల?"

"వంటింటి అలమర ఖాళీ అయింది గదా. ఆడ పెట్టుకోని సూడండి."

గంగాధరం ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వడం లేదు. టీవీని పక్కనున్న స్టూలు మీదికి మార్చాడు.

సాయంత్రం హాల్లో దీపం వెలిగించి, అలివేలమ్మ దోసెలు పోయడానికి వంటింట్లోకి పోయి, గడప దాటాక చెప్పులు తొడుక్కుంది. నొప్పి పోలేదు. పాదం కింద మాత్రం ఏదో దయగా మెత్తగా ఉంది. హాల్లో గంగాధరం టీవీ పెట్టుకుని, అలవాటుగా టీపాయ్ మీదికి కాళ్లు చాపబోయి, ఎదురుగా స్వామిని చూసి చప్పున ముడుచుకున్నాడు. సోఫాలో అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"అలివేలూ," అని లోపలికి కేకేశాడు, "నేను కాళ్లు యాడ పెట్టుకోవాలే ఈ ఇంట్లో?"