రోగమూ మందూ ఒకే వీపు మీద

గంగులు స్ప్రేయరు డబ్బా వీపుకెత్తుకుని చోడి మడిలోకి, అంటే రాగి చేలోకి, దిగాడు. ఈ పరిశోధన క్షేత్రంలో ఇరవై ఆరేళ్లుగా అదే మోత. భుజాలు కాయలు కాసి చెప్పు అట్టల్లా అయ్యాయి. అతని వీపు మీద వాలిన దోమ మళ్లీ ఎగరదని గజపతినగరం సంతలో సైతం చెప్పుకుంటారు.

ఇప్పుడు డబ్బాలో ఉన్నది మందు. నిన్న సాయంత్రం ఇదే మడికి కొట్టింది రోగం.

ఏ రకం అగ్గితెగులును తట్టుకుంటుందో చూడాలని తెగుళ్ల మేడం అనూరాధగారు రోగం కలిపిన నీళ్లు కొట్టిస్తారు. ఆకు మీద మచ్చ పడితే ఓర్వలేని విత్తనాల హరిబాబుగారు తెల్లారేసరికి మందు కొట్టిస్తారు. ఫ్యాను ఎవరి గదిలో ఉండాలన్న తగువుతో మూడేళ్ల కిందటే వాళ్లకు మాటలు పోయాయి. ఆవిడ 'రోగం పట్టలేదు' అని రాసుకుంటారు. ఆయన 'రకం తట్టుకుంది' అని రాసుకుంటారు.

ఆ తట్టుకున్న రకాన్నే నిరుడు గంగులు తన ముప్పై సెంట్లలో చల్లాడు. వెన్నులన్నీ మెడ దగ్గర మాడి విరిగాయి. ఏడాదంతా ఇంట్లో అంబలికి చోళ్లు కొనుక్కున్నారు. ఆ విత్తనాన్నే వచ్చే వారం ఊళ్లకు పంచుతారట.

ఈ సంగతి ఇద్దరికీ ఎన్నిసార్లో చెప్పబోయాడు. "నీ పని నువ్వు చూసుకో గంగులూ" అన్నారు ఇద్దరూ. ఆ ఒక్క మాటలోనే వాళ్లకు పొత్తు కుదిరింది.

ఈరోజుతో అతని కొలువు సరి. గొట్టం చివరి ఇత్తడి నాజిలు విప్పి మొలలో దోపుకున్నాడు. ఇద్దరి గదుల గుమ్మాల దగ్గరా "నాజిలు పోయినాది" అని చెప్పొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. క్షేత్రానికంతటికీ ఉన్నది ఒక్కటే డబ్బా. గట్టుకు చెరో కొస నుంచీ ఇద్దరూ వచ్చారు.

"ఎక్కడ పారేశావయ్యా?" అన్నారు హరిబాబుగారు.

"సెప్తాను బాబూ. నిన్న ఈ మడికి నాసేత ఏటి కొట్టించినారో మేడమ్మని అడగండి. మేడమ్మా, ఇయ్యాల ఏటి కొట్టమన్నారో మీరు బాబుని అడగండి. మూడేల్లు నా ఈపు మీద మాటాడుకున్నారు. రేపట్నించి ఈ ఈపు రాదు."

ఆవిడ చోడి వెన్ను కేసి చూస్తూ "మందా?" అన్నారు.

"రోగమా?" అన్నారాయన.

పుస్తకాలు గట్టు మీదికి వచ్చాయి. తేదీకి తేదీ పెట్టి చూశారు, పోట్లాడుకున్నారు, మధ్యలో ఫ్యాను దాకా వెళ్లొచ్చారు.

"విత్తనం పంచడం ఆపాలి" అన్నారు చివరికి హరిబాబుగారు, గొంతు తగ్గించి.

నాలుగింటికి గంగులుకు దండ వేస్తామన్నారు. అయిదైంది. వాళ్లింకా రెండో ఏటి లెక్కలోనే ఉన్నారు. "ఈలకి మాటలు రాకపోయినా కష్టమే, వచ్చినా కష్టమే" అని గొణుక్కుంటూ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు దాటాడు. ఎవరూ తలెత్తలేదు.

గట్టు మీద, గాలికి కాగితాలు లేవకుండా, రెండు పుస్తకాల అంచుల్నీ కలిపి తొక్కిపట్టి ఇత్తడి నాజిలు ఉంది.