బండి దగ్గర ఎవరుండాలి

బోయకొండ నున్న పొలతి! గంగాదేవి!
దారి నడుచువారి దరిని నిలుము
కదలకున్న నాడు కాళ్లకు బలమిమ్ము
కరుణ జూపి మమ్ము గడకు జేర్చు.

ఆ తల్లిని తలచుకొని, మదనపల్లెలో ఒక ఇల్లాలి మనసులో నడిచిన కథ చెబుతున్నాను. బయట నడిచింది కొంచెమే.

నానబెట్టిన అనపగింజలను గుప్పిట్లోకి తీసుకొని, బొటనవేలితో నొక్కి పప్పును తొక్కలోనుంచి గిన్నెలోకి జార్చుతూ చంద్రిక వంటింటి గడప దగ్గర కూర్చున్నది. పితికిపప్పు కూర ఆమె భర్త మురళికి ప్రాణం. తినడానికి పట్టే సేపు కన్న పితకడానికి పట్టే సేపు ఎన్నో రెట్లు ఎక్కువన్న సంగతి ఆ ఇంట్లో ఎన్నడూ మాటల్లోకి రాలేదు. మురళి టమోటా మండీకి బయలుదేరుతూ చెప్పులు తొడుక్కొని, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగాడు.

"ఆదివారం కుప్పం పోవల్ల గదా. దావలో బండి నిలిచిపోతే వాళ్లే వచ్చి సూసుకుంటారంట, అట్లాంటి ఇన్సూరెన్సు కవర్లు ఉండాయంట. మంచిది ఒగటి సూసి పెట్టు. ఇంట్లో నీకేం పనుండాది, నాలుగు ఫోన్లు చేస్తే సాలు."

బండి అంటే మురళి తండ్రి వెంకటప్ప కొన్న పాతకాలపు కారు. లేత నీలిరంగు. ముక్కు మీద రెక్కలు చాచిన ఇత్తడి పక్షి. ఊళ్లో దాన్ని చూసి తలతిప్పని వాడు లేడు. అది మధ్యదారిలో అలిగి నిలిచిపోవడమూ అందరికీ తెలిసిందే. ఆ ఇత్తడి పక్షిని ఒకసారి ఎవరో ఊడబెరుక్కొని పోయారు. దానికి మారు బొమ్మను వెతికి తెచ్చేసరికి వెంకటప్ప మంచం పట్టినంత పని అయింది. ఆనాటినుంచి ఆ ఇంట ఒక ఆచారం ఏర్పడింది: బండి ఎక్కడ నిలిచినా మగవాడు మెకానిక్కు కోసం వెళ్లాలి, ఆడది బండిలో కూర్చోవాలి. అత్తగారు కూర్చున్నది. అత్తగారి తరువాత చంద్రిక కూర్చున్నది. అందుకోసం ఒక నల్ల గొడుగు, ఒక నీళ్ల సీసా, లలితా సహస్రనామ పుస్తకం ఉన్న సంచీ ఎప్పుడూ వెనుక సీటులో ఉంటుంది.

తొక్కలంటిన వేళ్లతోనే చంద్రిక ఫోను పట్టుకున్నది. ఒక కంపెనీవారు బండి వయసు విని, అంత పాతదానికి తమ దగ్గర ఏమీ లేదని ఫోను పెట్టేశారు. ఇంకొకరు వస్తామన్నారు గాని, ఇంటి దగ్గర కదలకపోతే అది నిలిచిపోవడం కాదన్నారు. మరి ఇంటి ముందు నిలిచిన బండిని ఏమనాలి? వేరొకాయన, ముందు చక్రాలు ఎత్తి లాక్కుపోతాం, పాత బండి కాబట్టి ఏదైనా విరిగితే మమ్మల్ని అడగకూడదన్నాడు. ఎవరి మాట విన్నా అదే సరి అనిపించింది. ఫోను పెట్టగానే అదే తప్పనిపించింది. తప్పు కవరు తీసుకొంటే, ఒక్క పనీ సరిగ్గా చేతకాదన్న మాట పడవలసింది ఆమే. సరైనది తీసుకొంటే ఆ మాట ఎవరూ ఎత్తరు. ఇంతకీ ఈ బండి ఎవరిది, ఈ బెంగ ఎవరిది అని ఆమెకు ఒక ఆలోచన వచ్చి, పప్పుతోపాటు చేతిలోనుంచి జారిపోయింది.

చివరికి పుంగనూరులో కొత్తగా వెలసిన ఒక చిన్న సర్వీసు వాళ్లు దొరికారు. పాత బండ్లయినా ఫరవాలేదన్నారు. ఫోనులో మాట్లాడిన అల్ఫియా అనే అమ్మాయి ఓపికగా వివరించింది. తమ దగ్గర రెండు రకాలున్నాయి. మొదటిదాంట్లో పెద్ద లారీ వచ్చి, బండిని చెక్కుచెదరకుండా పైకెక్కించుకొని షెడ్డుకు చేరుస్తుంది; అందులోని మనుషులు తమ దారి తాము చూసుకోవాలి. రెండోదాంట్లో ముందు ఒక కారు వచ్చి మనుషులను వాళ్లు పోవలసిన ఊరికి దించుతుంది; బండి కోసం లారీ మరునాడు వస్తుంది, అందాకా దానికి కాపలా సొంతదారుదే. పాత బండ్లకు రెండూ కలిపి ఇవ్వడం లేదు.

"ఇప్పుడు చెప్పమ్మా. బండి నిలిచిపోతే ముందు ఎవర్ని చేర్చల్ల? బండినా, మిమ్మల్నా?"

సాయంత్రం చెబుతానని మాత్రం అన్నది చంద్రిక.

ఇంత చిన్న ప్రశ్నకు జవాబు ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు. పప్పు పితకడం ఆగిపోయింది. ఏడాది కిందటి మధ్యాహ్నం వద్దన్నా వచ్చి ఎదుట కూర్చున్నది. కుప్పంలో ఉన్న అక్క కుప్పమ్మ ఆసుపత్రిలో తనను అడుగుతున్నదని కబురు వచ్చిన రోజు అది. బస్సుకు పోదామంటే, కారు పెట్టుకొని బస్సేమిటన్నాడు మురళి. పుంగనూరు దాటి మిట్ట ఎక్కుతుండగా బండి ఒకసారి దగ్గి నిలిచిపోయింది. "నువ్వు ఈడే ఉండు. బండిని ఇడిసి యాడికీ పోవద్దు" అని చెప్పి, ఎవరిదో మోటారు సైకిలెక్కి అతడు వెళ్లిపోయాడు. ఆమె గొడుగు వేసుకొని, బండి పక్కన నిలబడి సహస్రనామం చదువుకొంటున్నది. అంతలో కుప్పం బస్సు వచ్చింది. రోడ్డు పక్కన ఆడమనిషిని చూసి డ్రైవరు తనంతట తానే వేగం తగ్గించాడు. కండక్టరు తలుపు తెరిచి, "కుప్పం, రామ్మా" అని పిలిచాడు. చంద్రిక తల అడ్డంగా ఊపింది. బస్సు వెళ్లిపోయింది. చదువుతున్న నామం ఎక్కడ ఆగిందో మళ్లీ దొరకలేదు.

వారు కుప్పం చేరేసరికి అక్క లేదు.

ఆ తల ఊపినది ఎవరు? ఏడాదిగా ఆమెను తినేస్తున్న ప్రశ్న ఇది. తాను ఊపినట్టు తోచదు, ఊపమని మురళి చెప్పనూలేదు. అతడు బండిని విడిచి పోవద్దన్నాడు గాని, అక్కను విడిచిపెట్టమనలేదు. అతడిని తప్పుపట్టబోతే మాట అందదు. తనను తప్పుపట్టుకోబోతే మనసు ఒప్పదు. పదోనాడు చుట్టాలందరి నడుమ మురళి, "మా చంద్రిక ఆ ఎండలో బండిని కన్నబిడ్డ మాదిరి కాపాడింది" అని మెచ్చుకొన్నాడు. అందరూ తలలూపారు. ఆమె విస్తళ్లు ఎత్తుతూ ఆ పొగడ్తను విన్నది.

ఆదివారం కుప్పమ్మ ఏడాది తద్దినం. అక్క కూతురు శ్రుతి ఫోను చేసి, "చిన్నమ్మా, మా అమ్మ ఆఖర్న అడిగింది నిన్నే. నువ్వొచ్చినాకనే ఇస్తరి ఏస్తాం. పొద్దు పోనీకు" అని మరీ మరీ చెప్పింది.

సాయంత్రం మురళి పితికిపప్పు కలుపుకొని తింటుండగా చంద్రిక అడిగింది. బండి నిలిచిపోతే ముందు బండిని చేర్చమందామా, మనుషులను చేర్చమందామా అని. అతడు తలెత్తకుండానే నవ్వాడు.

"దీనికి కూడా అడగల్నా? బండినే. మనుషులు ఎట్లో ఒగట్ల పోతారు."

ఆ మాటలో కోపం లేదు, క్రూరత్వం లేదు. ఇంకొంచెం చారు పోయమన్నంత మామూలుగా అన్నాడు. కాని చంద్రిక చేతిలోని గరిటె అక్కడే ఆగింది. మనుషులు ఎట్లో ఒగట్ల పోతారు. తాను పోలేదు కదా! ఎదుట బస్సు నిలిచి ఉన్నా పోలేదు. ఇంతకాలంగా ఎవరో తన తలను పట్టుకొని అడ్డంగా ఊపుతున్నట్టూ, ఆ చెయ్యి ఇప్పుడు మెల్లగా సడలినట్టూ అనిపించింది. అది తెలివో, తెగింపో, పాపమో ఆమెకు తెలియలేదు. చారు పోసింది. పెరట్లోకి వెళ్లి ఫోను చేసింది.

"మనుషుల్ని చేర్చేదే రాసుకో అమ్మా" అన్నది. బండి కాడ రాత్రంతా ఎవరో ఒకరు ఉండవలసి వస్తుందని అల్ఫియా మళ్లీ గుర్తు చేసింది.

"ఉంటారులే. బండి ఆయనదే గదా."

తరువాత కూడా ఆమెకు సందేహాలు తీరలేదు. తాను మొగుడికి ద్రోహం చేసిందా, అక్కకు అప్పుడు చేసిన ద్రోహాన్ని ఇప్పుడు కడుక్కొన్నదా, రెండూ కాదా? దీపం ముందు కూర్చొని సహస్రనామం తెరిస్తే అక్షరాలు అలికినట్టున్నాయి. అయినా మొదటినుంచి చివరిదాకా చదివింది. ఈసారి ఎక్కడా తప్పిపోలేదు.

ఆదివారం తెల్లవారింది. మురళి బండి తుడిచి, ఇత్తడి పక్షికి కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచాడు. చంద్రిక ఇంటికి తాళం వేసి వచ్చి, వెనుక సీటులోని సంచీ తీసింది. సహస్రనామ పుస్తకాన్ని తన చేతిసంచీలో పెట్టుకొన్నది. గొడుగును, నీళ్ల సీసాను తీసుకుపోయి డ్రైవరు సీటు పక్కన ఉంచింది.

"ఇవి ఈడ యాల పెడ్తాండావు?" అన్నాడు మురళి.

చంద్రిక తలుపు తీసుకొని కూర్చున్నది. కొంగు సర్దుకొన్నది.

"బండి నిలిచిపోతే నేను కుప్పం పోతాను. మీకు ఎండ తగలకుండా ఈ గొడుగు."

ఈ కథ చదివినవారికీ, చెవియొగ్గి విన్నవారికీ, వినే తీరిక దొరకక పప్పు పితుకుతున్నవారికీ, చేరవలసిన చోటికి వేళ మించకుండా చేరే భాగ్యాన్ని బోయకొండ తల్లి ప్రసాదించుగాక. దారిలో నిలిచిపోయిన ప్రతి ఆడకూతురి ముందూ ఒక బస్సు ఆగుగాక. ఎక్కే కాలు ఆమెదే అగుగాక.