టేపులో గరగర

నలభై ఏళ్లు రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసిన ఆయన్ని పేటంతా రేడియో బాబాయ్ అనేది. ఖరీదైన కేబుళ్ల మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేచేవాడు. "రాగి రాగే! పైన పట్టుచొక్కా తొడిగితే పాట మారుతుందా?" అని కొన్నవాళ్ల పరువు తీసి పంపేవాడు.

అలాంటివాడు ఇవాళ పిల్లిలా పెద్ద కొట్లో దూరి, తెలిసినవాళ్లెవరూ లేరని చూసుకుని, వెండిపూత కేబుల్ కొన్నాడు.

అక్క కోసం. ఆమె చెవులు నెలనెలకీ మందగిస్తున్నాయి. ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. మూడు వారాల కిందట ఓ పాత క్యాసెట్ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. ఆమె హాస్టల్లో ఉన్న రోజుల్లో నాన్న ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్ అది.

"వినపడుతుండగానే ఒక్కసారి నాన్న గొంతు వినిపించరా" అంది.

ఆ సాయంత్రమే వినిపించొచ్చు. కానీ నాన్న మాటల వెనక ఏదో గరగర. వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఈ చెత్త అక్కకి వినిపిస్తే తన పనితనం ఏం కాను? గరగర రాగానే టేపు ఆపేసి స్క్రూడ్రైవరు అందుకునేవాడు. హెడ్డు తుడిచాడు, బెల్టు మార్చాడు, టంకాలన్నీ మళ్లీ వేశాడు. అక్క రోజూ ఫోన్ చేసేది. రోజూ "రేపు" అనేవాడు. ఫోన్లో ఆమె "ఏంటీ?" అనడం ఎక్కువైంది. అది విన్నప్పుడల్లా ఆయనకి భయం వేసేది.

కొత్త కేబుల్ తగిలించాడు. గరగర పోలేదు సరికదా, ఇంకా తేటగా వచ్చింది. అంతలో అక్క ఆగలేక తనే వచ్చేసింది.

"ఏమనుకోకక్కా, ఎంత చేసినా ఆ గోల పోలేదు" అంటూ టేపు పెట్టాడు.

అక్క స్పీకరుకి చెవి ఆనించింది. బాగా చదువుకో తల్లీ, అంటున్నాడు నాన్న. ఆమె కళ్లు చెమర్చాయి.

"ఏ గోలరా?" అంది కాసేపటికి.

"వెనకాల గరగర. వస్తుంది, ఆగుతుంది."

అక్క పడీపడీ నవ్వింది. "ఓరి వెర్రివాడా, చివరిదాకా వినలేదా? అది నువ్వేరా! నాన్న ఒళ్లో పడుకుని గురకపెడుతున్నావు. తమ్ముడు లేస్తాడు, ఇక ఉంటానమ్మా, అని ఆపేస్తాడు నాన్న. హాస్టల్లో ఆ గురక వింటూనే నిద్రపోయేదాన్ని."

నాన్న ఒడి ఆయనకి గుర్తే లేదు. ఇన్నాళ్లూ దాన్నే తుడిచెయ్యాలని చూశాడు.

"ఇంకాస్త పెంచరా" అంది అక్క. "నాన్న వినపడుతున్నాడు గానీ నువ్వు వినపడటం లేదు."

మీట అప్పటికే చివరిదాకా తిప్పి ఉంది. మూడు వారాల కిందటైతే వినపడేదేమో.

ఆయన కళ్లు తుడుచుకుని, అక్క చెవి దగ్గరికి వంగి, గురక పెట్టాడు.